క్వాంట్‌లో లాటిస్ ప్లాట్లు: ఏళ్ల వాడకంలో తేలిన సంగతులు

క్వాంటమ్ ట్రాన్స్‌పోర్ట్ లెక్కలకు పైథాన్‌లో క్వాంట్ (Kwant) అనే లైబ్రరీ వాడేవాళ్లకు ప్లాట్ ఫంక్షన్ రోజూ చేతిలో ఉండేదే. సిస్టమ్ ఒక్కటే ఇచ్చి పిలిచినా సైట్లు (లాటిస్ అనే వలలోని బిందువులు), హాపింగ్‌లు (వాటిని కలిపే లంకెలు) గీస్తుంది. లీడ్‌లు (సిస్టమ్‌కు తగిలించే అంతులేని తీగలు) రెండేసి సెల్స్ (పదేపదే వచ్చే ముక్కలు) చొప్పున ఎర్రగా మొదలై వెలిసిపోతూ కనిపిస్తాయి. లీడ్ సరైన అంచుకే తగిలిందా అని చూసుకోవడానికి ఇది చాలు, పేపర్లో పెట్టే బొమ్మకు చాలదు.

దీని బలమంతా ఒక్కచోటే ఉంది. సైట్_కలర్, సైట్_సైజ్, హాప్_ఎల్‌డబ్ల్యూ (హాపింగ్ గీత మందం) దేనికైనా విలువకు బదులు ఫంక్షన్ ఇవ్వొచ్చు. గ్రాఫీన్‌లో ఒకే ఫ్యామిలీ (ఒకే సబ్‌లాటిస్, అంటే లాటిస్‌లోని ఒక ఉపవల) సైట్ల మధ్య గీత మందం 0.04, మిగతా వాటికి 0.1 అని రెండు లైన్లలో చెప్పేయొచ్చు.

తంటా అంతా సిస్టమ్‌ని ఫైనలైజ్ (లెక్కలకు సిద్ధం) చేశాకే. అంతకుముందు దశలోని, సిస్టమ్‌ని కట్టే ఆబ్జెక్ట్ బిల్డర్‌ని గీయిస్తే ఆ ఫంక్షన్‌కి సైట్ ఆబ్జెక్ట్ అందుతుంది, ఫైనలైజ్ చేసిన సిస్టమ్ అయితే ఒట్టి పూర్ణాంకం. అంతకుముందు చక్కగా నడిచిన ఫంక్షనే ఇంట్‌కి ఫ్యామిలీ అనే యాట్రిబ్యూట్ లేదని ఆగిపోతుంది. లోపల సిస్.సైట్స్[ఐ].ఫ్యామిలీ అని మార్చాలి. హాపింగ్ ఫంక్షన్‌కీ ఇంతే, రెండు ఇండెక్సులు వస్తాయి.

వేవ్ ఫంక్షన్ రంగులు వేసేటప్పుడు ఇంకోటి చూసుకోవాలి. సైట్‌కి రెండు ఆర్బిటల్స్ (క్వాంటమ్ స్థితులు) ఉంటే అర్రే పొడవు సైట్ల సంఖ్యకు రెట్టింపవుతుంది, నేరుగా ఇస్తే పొసగదు. లాటిస్ చేసేటప్పుడే నార్బ్స్=2 (ఆర్బిటల్స్ సంఖ్య) ఇచ్చి, డెన్సిటీ ఆపరేటర్‌తో సైట్‌కొక విలువ తీసుకోండి. గ్రాఫీన్ అయితే సైట్ గుర్తుగా (సైట్_సింబల్) ఒక సబ్‌లాటిస్‌కి ('పి', 3, 180), రెండోదానికి ('పి', 3, 0), సైజు 0.5, హాప్_ఎల్‌డబ్ల్యూ 0 పెట్టండి. త్రిభుజాలు సందు లేకుండా అల్లుకుంటాయి. క్వాంట్‌లోనే ఉన్న మ్యాప్ ఫంక్షన్ అయితే సైట్ల మధ్య విలువలను అంచనాతో నింపుతుంది (ఇంటర్‌పొలేట్ చేస్తుంది) కాబట్టి సబ్‌లాటిస్ తేడా అంత తేటగా తెలియదు.

చుక్కలు ఉన్నట్టుండి ఆవగింజలైపోతే యూనిట్ (సైజులు, మందాలు కొలిచే ప్రమాణం) చూడండి. డిఫాల్ట్ 'ఎన్ఎన్' అంటే సిస్టమ్‌లోని అతి పొట్టి హాపింగే కొలబద్ద. క్రమం లేని లాటిస్‌లో ఒక్క జత దగ్గరపడినా అన్నీ కుంచించుకుపోతాయి. అప్పుడు యూనిట్‌కి నేరుగా సంఖ్య ఇవ్వాలి.

3డిలో డిఫాల్ట్‌గా హాపింగ్‌లు అసలు కనబడవు, ఒకదాన్నొకటి తాకే గోళాలే వస్తాయి. సైట్_సైజ్ 0.18, హాప్_ఎల్‌డబ్ల్యూ 0.05 ఇస్తే నిర్మాణం బయటపడుతుంది. సైట్లు మరీ ఎక్కువైతే పీడీఎఫ్ తెరవడమే గగనం. ఫైల్ పేరు చివర పీఎన్‌జీ అని పెట్టి, డీపీఐ 300 ఇవ్వండి.