పాత నక్షలు, పాత సీడీలు భద్రపరిచే సేవ: హిమాయత్‌నగర్ సంస్థపై ఒక సమీక్ష

స్థానిక సంస్థల దగ్గర మూలుగుతున్న నక్షలనూ, కంప్యూటర్ పటాల ఫైళ్లనూ స్కాన్ చేసి, నేటి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునే రూపంలోకి మార్చి, ఏళ్ల తరబడి భద్రపరుస్తామని చెప్పే సంస్థలు హైదరాబాద్‌లో ఇప్పుడు కొన్ని ఉన్నాయి. వాటిలో హిమాయత్‌నగర్ ప్రాంతంలో పనిచేసే ఒకదానికి, నగర శివార్లలోని ఒక పురపాలక సంఘం తరఫున మా ప్లానింగ్ కార్యాలయం కొంత సామగ్రి అప్పగించింది. గుడ్డ మీద అతికించిన గ్రామ నక్షలు, కాలనీల లేఅవుట్ల అమ్మోనియా ప్రింట్లు (పాతకాలపు ప్లాన్ నకళ్లు), చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) షీట్లు, ఇరవై ఏళ్ల కిందటి సీడీలు అందులో ఉన్నాయి. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే గుణదోషాలు ఇటువంటి సేవ ఏది తీసుకున్నా చూసుకోవలసినవే.

స్కానింగ్ గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఈ సంస్థ నిజంగా ఆరితేరింది అందులోనే. గ్రామ నక్షల్లో కొన్నింటికి మడతల దగ్గర కాగితం పొట్టులా లేచి, సర్వే నంబర్ల అంకెలు సగం ఊడిపోయి ఉన్నాయి. మామూలు ప్లాన్ ప్రింటింగ్ దుకాణంలో అయితే ఇలాంటిదాన్ని రోలర్ స్కానర్‌లోకి తోసేస్తారు. ఇక్కడి ఆపరేటర్ అందుకు ఒప్పుకోలేదు. నక్షను బల్ల మీద పరచి, మెత్తని కుంచెతో మడతల్లోని దుమ్ము తీసి, అంచున కొలత పట్టీ, రంగుల పట్టీ ఉంచి, పైన బిగించిన కెమెరాతో భాగాలు భాగాలుగా చిత్రించాడు. ఒక నక్ష వెనుక ఎప్పటి సర్వేయరో పెన్సిల్‌తో వేసుకున్న కొలత గొలుసుల లెక్క, పక్కన వెలిసిపోయిన కార్యాలయ ముద్ర కనబడితే, మేము అడగకుండానే ఆ వైపు కూడా స్కాన్ చేశారు, అదనపు రుసుము వేయలేదు. కుదించని టిఫ్ ఫైలు భద్రపరచడానికి, చిన్న జేపెగ్ చూసుకోవడానికి విడివిడిగా ఇచ్చారు. అమ్మోనియా ప్రింట్లు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి కాబట్టి, మా లేఅవుట్ షీట్లలో కొన్నింటికి ఈ పని ఇంకో నాలుగేళ్లు ఆగి ఉంటే స్కాన్ చేయడానికి గీత కూడా మిగిలేది కాదు.

సీడీలతో అసలు పరీక్ష మొదలైంది. ఆ సీడీల్లోని కంప్యూటర్ పటాలు షేప్‌ఫైల్ అనే రూపంలో ఉన్నాయి. షేప్‌ఫైల్ అని మనం ఏకవచనంలో అంటాం గాని, అది కనీసం మూడు ఫైళ్ల గుంపు. అది ఏ అక్షాంశ రేఖాంశాల పద్ధతిలో గీసిందో చెప్పే సమాచారం నాలుగో ఫైలులో ఉంటుంది, పాత సీడీల్లో తరచుగా లేనిది ఆ నాలుగోదే. మన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. భూమిని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా (జోన్లుగా) విడగొట్టే యూటీఎం పద్ధతిలో 43, 44 జోన్ల సరిహద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. జహీరాబాద్, వికారాబాద్ 43లో పడితే హైదరాబాద్ 44లో పడుతుంది. 44లో గీసిన వార్డును 43 అనుకుని తెరిస్తే అది ఆరు డిగ్రీలు పడమటికి జరిగి అరేబియా సముద్రంలో తేలుతుంది. ఈ తప్పు ఎవరికైనా కంటికి కనబడుతుంది కాబట్టి దానితో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమల్లా భూమి ఆకారానికి పాత సర్వేలు వాడిన ఎవరెస్ట్ గోళం అనే లెక్క మీద గీసిన పటాన్ని, నేటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్క అనుకుని తెరవడంలో ఉంది. అప్పుడు పటం కొద్ది దూరం మాత్రమే జరుగుతుంది, అన్నీ దాదాపు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తాయి, నాలా మాత్రం పక్కవాడి ప్లాటులోకి వెళ్లి కూర్చుంటుంది. సంస్థ సాంకేతిక బృందం ప్రతి ఫైలునూ మార్పు లేని పాత కట్టడాలతో, మూడు గ్రామాల హద్దులు కలిసే రాళ్లతో సరిపోల్చి, ఏ పద్ధతి అని నిర్ధారించిందో, ఏ ఆధారంతో నిర్ధారించిందో రాసి ఇచ్చింది. రెండు ఫైళ్ల విషయంలో తేల్చలేకపోయామని కూడా రాసింది. ఆ ఒక్క వాక్యం చదివాకే నాకు ఈ సంస్థ మీద నమ్మకం కలిగింది.

తెలుగు పేర్ల దగ్గర వారు చూపిన జాగ్రత్త కూడా మెచ్చుకోదగినది. యూనికోడ్ అలవాటు కాక మునుపు కాలనీల పేర్లు, చెరువుల పేర్లు అను ఫాంట్లలో టైపు చేసేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థం లేని ఇంగ్లిషు గుర్తుల వరుసగా కనిపిస్తాయి. వాటిని మార్చి పాతవి చెరిపివేయడం సులువే. వీరు అలా చేయక, ఉన్న గుర్తులను ఉన్నట్టే ఒక గడిలో ఉంచి, యూనికోడ్‌లోకి మార్చిన పేరును పక్క గడిలో పెట్టారు. రేపు మార్పిడిలో ఒక వత్తు తప్పిపోయిందని తేలినా మూలం చేతిలో ఉంటుంది. ఇదంతా షేప్‌ఫైల్‌లో ఇమడదు. 1990ల నాటి ఆ ఫార్మాట్‌లో గడి శీర్షికకు పది బైట్లే చోటు, యూనికోడ్‌ను నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోదానికి మూడేసి బైట్లు కావాలి. అంటే ‘చెరువు’ అనే మాట కూడా పూర్తిగా పట్టదు. అందుకే 2014లో ప్రమాణంగా వెలువడిన జియోప్యాకేజ్ ఫార్మాట్‌లోకి మార్చి ఇచ్చారు. అది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ మీద నిర్మించిన ఒకే ఫైలు, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, కాబట్టి ముప్పై ఏళ్ల తరువాత కూడా తెరుచుకుంటుందని ఆశపడటానికి కారణం ఉంది. మూల ఫైళ్లను కూడా ముట్టుకోకుండా వేరే ఫోల్డరులో ఉంచారు.

ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు. భద్రపరచడం అనే మాటను వీరు ఎలా అర్థం చేసుకున్నారన్న దగ్గరే నాకు పేచీ.

పురపాలక సంఘం చెరువుల లేయర్‌లో (కంప్యూటర్ పటంలో ఒక్క అంశాన్నే చూపే పొర) మొదట ప్రాథమిక నోటిఫికేషన్ నాటి ఎఫ్‌టీఎల్ గీత ఉంది. తరువాత తుది నోటిఫికేషన్ షీటు వచ్చింది, దాన్ని పంపాం. సంస్థ వ్యవస్థ అదే పేరుతో ఉన్న పాత లేయర్‌ను తీసేసి కొత్తదాన్ని ఆ స్థానంలో పెట్టింది. తీసేసినదాన్ని తిరిగి తెప్పించుకునే గడువులోపే మా సిబ్బంది గమనించారు కాబట్టి పాతది తిరిగి దొరికింది. దీనిపై అడిగితే వచ్చిన జవాబు: ‘సార్, తాజా ప్రతి ఉంది కదా!’ తాజా ప్రతి కావాలంటే ఇంత ఖర్చు పెట్టుకుని వారి దగ్గరికి వెళ్లడం దేనికి, అది కార్యాలయంలోనే ఉంటుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగాగా, వదలాలి. ఒక ఇంటికి అనుమతి ఇచ్చిన రోజున ఆ గీత ఎక్కడుందన్నది తరువాత ఏ కోర్టులోనో తేలవలసిన ప్రశ్న అవుతుంది. నేటి గీత ఎంత సరైనదైనా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

మన నగరంలో హద్దులు మారిన తీరు చూస్తే ఈ అవసరం ఇంకా తెలుస్తుంది. 2007లో ఎల్బీనగర్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి వంటి 12 పురపాలక సంఘాలు, కొన్ని పంచాయతీలు పాత నగరపాలక సంస్థతో కలిసి జీహెచ్‌ఎంసీ అయ్యాయి. మరుసటి ఏడాది నగరాభివృద్ధి సంస్థ హుడా స్థానంలో హెచ్‌ఎండీఏ వచ్చింది. 2016 అక్టోబరులో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ప్రతి మార్పుకూ వార్డు, మండలం, జిల్లా లేయర్లను సవరించుకుంటూ పోతే, 2006లో అల్వాల్ పురపాలక సంఘం హద్దు ఎటు పోయేదో చెప్పే పటం ఎవరి దగ్గరా ఉండదు. 1908 మూసీ వరద తరువాతి దశాబ్దంలో లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన పురపాలక సర్వే పటాలను నేటి పరిశోధకులు ఇంకా వాడుకోగలుగుతున్నారంటే, కాగితం గట్టిదవడం ఒక్కటే కారణం కాదు, ఒకసారి అచ్చయిన షీటు మీద తరువాతి సర్వేను ఎవరూ రుద్దలేరు. అమెరికాలో ఉత్తర కరొలైనా, కెంటకీ, యూటా రాష్ట్రాలు అక్కడి జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తోడ్పాటుతో 2007 నుంచి 2011 వరకు కలిసి చేపట్టిన జియోమ్యాప్ అనే పని కూడా ఈ సమస్య నుంచి పుట్టిందే. తరచుగా మారిపోయే ప్రభుత్వ పటాల పాత రూపాలను రాష్ట్ర అభిలేఖాగారాల్లోకి ఎలా చేర్చాలన్నది అక్కడ చర్చించారు. భూమి రికార్డుల లేయర్‌ను ఏడాదికి ఎన్నిసార్లు ఆనాటి ప్రతిగా దాచి ఉంచాలి, రోడ్లను ఎన్నిసార్లు దాచి ఉంచాలి అని లేయర్ వారీగా నిర్ణయించుకోవడం అక్కడి నుంచి మనం తెచ్చుకోదగిన అలవాటు. హిమాయత్‌నగర్ సంస్థ ఫారంలో ఆ గడే లేదు.

నిల్వ ఏర్పాట్లు మధ్యస్థంగా ఉన్నాయి. మూడు ప్రతులు ఉంచుతారు, ఒకటి వేరే నగరంలో ఉంటుంది. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క (ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే సంఖ్య) కట్టి, మూడు నెలలకోసారి మళ్లీ కట్టి సరిపోల్చిన నివేదిక మెయిల్‌లో పంపుతారు. నేను మా దగ్గరి ప్రతులతో కొన్నింటిని సరిచూశాను, సరిపోయాయి. మీటరు కంటే సూక్ష్మమైన కచ్చితత్వం గల పటాలను దేశంలోని సర్వర్లలోనే ఉంచాలని కేంద్ర ప్రభుత్వ 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ విషయం అడిగితే వారి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది, లిఖితపూర్వకంగా కూడా ఇచ్చారు. ఇవ్వనిది వేరొకటి. సంస్థ మూతపడితే, చేతులు మారితే, లేదా మేము చందా కట్టడం మానేస్తే డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగి చేతికి వస్తుందన్న దానిపై ఒప్పందంలో ఒక్క మాట లేదు. పురపాలక సంఘానికి ఈ ఏడాది నిధులు వస్తాయి, వచ్చే ఏడాది రాకపోవచ్చు. అటువంటి కక్షిదారుకు ఏడాది చందా పద్ధతి మీద శాశ్వత నిల్వ అమ్మడం సబబు కాదని నా అభిప్రాయం.

ధరల విషయానికి వస్తే, స్కానింగ్ మామూలు ప్రింటింగ్ దుకాణం కంటే ఎక్కువే గాని, చేసే పనికి తగినంతే. సీడీల నుంచి డేటా తీయడానికి డిస్కు లెక్కన కాకుండా, తెరుచుకున్న ఫైళ్ల లెక్కన తీసుకోవడం న్యాయంగా ఉంది. నిల్వ చందా మాత్రం ముందుగానే మొత్తం కట్టమంటారు, బేరానికి కొంత దిగుతారు.

గ్రామ నక్షలు, లేఅవుట్ షీట్లు, సీడీలు ఉన్నవారు స్కానింగుకూ మార్పిడికీ నిశ్చింతగా ఇక్కడికి వెళ్లవచ్చు. నిల్వకు మాత్రం, లేయర్ పేరులోనే తేదీ చేర్చి ప్రతిసారీ కొత్త ఫైలుగా పంపండి, ఒక ప్రతి మీ కార్యాలయంలో, ఒకటి జిల్లా కార్యాలయంలో ఉంచండి. మా పునరుద్ధరణ ఒప్పందంలో, పాత ప్రతిని రాతపూర్వక అనుమతి లేకుండా తొలగించరాదని, ఒప్పందం ముగిసిన 30 రోజుల్లో మొత్తం డేటాను జియోప్యాకేజ్, టిఫ్ రూపాల్లో తిరిగి ఇవ్వాలని రెండు షరతులు చేర్చి పంపాం. రెండో దానికి ఒప్పుకున్నారు, మొదటిదానికి నిల్వ ఖర్చు పెరుగుతుందని అంటున్నారు, ఎంత పెరుగుతుందో లెక్క ఇంకా పంపలేదు. వెళ్లేవారు ముందు ఫోన్ చేసి వెళ్లాలి, గుడ్డ నక్షలు చూసే ఆపరేటర్ మధ్యాహ్నం వరకే ఉంటాడు.