చేతిలో అక్షరాలున్నాయి, మాట తట్టడం లేదు: దేన్ని నమ్ముకుంటే మేలు?

ఇంగ్లీషు పదాల ఆటలు ఆడేవాళ్లు "ఈ అక్షరాలున్న మాటలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడుగుతుంటారు. వినడానికి అది ఒకటే ప్రశ్న. స్క్రాబుల్‌లో చేతిలో ఉన్న ఏడు బిళ్లలతో మాట కట్టాలి. ఐదక్షరాల మాటని ఊహించే వర్డిల్‌లో ఒకటి రెండు అక్షరాలు మాటలో ఉన్నాయని తెలుస్తుంది, ఏ గడిలో ఉన్నాయో తెలియదు. క్రాస్‌వర్డ్‌లో మూడో గడిలో ఆర్, ఆరో గడిలో ఇ అని చోటుతో సహా తెలుస్తుంది. న్యూయార్క్ టైమ్స్ వాళ్ల స్పెల్లింగ్ బీ మరో రకం. అమెరికాలో మన పిల్లలు కప్పులు గెలిచే పోటీ కాదిది, అదే పేరున్న ఆట. ఏడు అక్షరాలు ఇస్తారు, నడిమి అక్షరం ప్రతి మాటలో ఉండి తీరాలి, మాటకు కనీసం నాలుగు అక్షరాలు, ఏ అక్షరాన్నైనా ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. మనం నాలుగు చోట్లా ఒకే వాక్యం అంటాం గానీ, వెతికే సాధనానికి ఇవి నాలుగు వేర్వేరు పనులు. ఒకదానికి బాగా పనికొచ్చేది ఇంకోదాని దగ్గర చతికిలపడుతుంది.

అచ్చు నిఘంటువుతో పెద్ద పని లేదు. అది మొదటి అక్షరం వరసలో ఉంటుంది కాబట్టి మొదలు తెలిస్తేనే ఉపయోగం. చివర నుంచి వెతకాలనుకునేవాళ్లకి 1775లోనే జాన్ వాకర్ అనే ఆయన మాటల్ని ఆఖరి అక్షరం వరసలో పేర్చి ఒక నిఘంటువు వేశాడు. ప్రాసల కోసం కవులు వాడుకున్నారు. మధ్యలో ఉన్న అక్షరాన్ని పట్టుకోవడానికి మాత్రం మామూలు అచ్చు నిఘంటువేదీ సాయపడదు.

ఎక్కువమంది చేసేది వర్డ్ ఫైండర్ సైట్లు తెరవడం. అక్షరాలు కొడితే క్షణంలో జాబితా వస్తుంది, పొడవుల వారీగా విడగొట్టి, పాయింట్లతో సహా. స్క్రాబుల్ తరహా ప్రశ్నకు ఇంతకన్నా సుళువైన దారి లేదు. చిక్కు ఎక్కడంటే, చాలా సైట్లలో "కంటెయిన్స్" అన్న పెట్టెలో మీరు టి, ఆర్, ఎ అని కొడితే అవి అదే వరసలో పక్కపక్కన ఉన్న మాటలే వస్తాయి. ట్రావెల్, కంట్రాక్ట్, ఎక్స్‌ట్రా వస్తాయి, ఆర్టిస్ట్ రాదు. ఆర్టిస్ట్‌లో ఆ మూడక్షరాలూ ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి, కానీ వరస వేరు. ఎటు తిరిగినా ఫర్వాలేదు అనుకుంటే దానికి వేరే పెట్టె వెతుక్కోవాలి, కొన్నింట్లో అసలు ఉండదు. జాబితా సగమే వచ్చిందని చెప్పేవాడు కూడా ఉండడు. ఇక ప్రకటనల సంగతి చెప్పక్కర్లేదు, ఫోన్లో అయితే మాట కన్నా ముందు లోన్ యాప్ తెరుచుకుంటుంది.

సైట్లలో నేను మెచ్చుకునేది వన్‌లుక్. తెలియని ఒక్కో గడికి ఒక ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలైనా పర్వాలేదు అనుకున్నచోట ఒక నక్షత్రం గుర్తు (*) పెడితే చాలు. అక్షరాల చోట్లు తెలిసిన క్రాస్‌వర్డ్‌కి ఇది అచ్చంగా సరిపోతుంది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, రెండు మూడు మాటల పదబంధాలు కూడా చూపిస్తుంది. ది హిందూ క్రాస్‌వర్డ్ చేసేవాళ్లకి అది లాభం. స్క్రాబుల్ ఆడేవాళ్లకి అదే చెత్త, ఎందుకంటే అక్కడ పేర్లు చెల్లవు.

సైట్ ఏదైనా సరే, అది ఏ పదకోశం మీద నడుస్తోందో ముందు చూడాలి. అమెరికాలో స్క్రాబుల్‌కి ఒక జాబితా, మన దేశంతో సహా మిగతా చాలా చోట్ల కాలిన్స్ జాబితా. కాలిన్స్ 2019 కూర్పులో 2,79,496 మాటలున్నాయి, అమెరికా జాబితా కన్నా పదుల వేలు ఎక్కువ. అమెరికా జాబితా చూసి ఇక్కడ ఆడితే చెల్లే మాటల్ని వదిలేసుకుంటాం. కాలిన్స్ చూసి అక్కడి బంధువులతో ఆడితే గొడవలే.

ఇప్పుడు చాలామంది మొదట అడుగుతున్నది చాట్‌బాట్‌ని. "క్యూ, జడ్ రెండూ ఉన్న మాటలు చెప్పు" అంటే క్విజ్, క్వార్ట్జ్, స్క్వీజ్ లాంటివి బాగానే చెబుతుంది, అవి అందరికీ తెలిసినవే. షరతులు పెరిగేకొద్దీ తడబడుతుంది. కారణం దాని పుట్టుకలోనే ఉంది. ఆ మోడల్ మాటని అక్షరం అక్షరంగా చదవదు, టోకెన్లు అనే ముక్కలుగా తీసుకుంటుంది. స్ట్రాబెర్రీలో ఆర్‌లు ఎన్ని అంటే రెండు అని చెప్పి ఈ బాట్లు నవ్వులపాలైంది అందుకే. పైగా అడిగిన అక్షరం లేని మాటని కూడా ఏ మొహమాటం లేకుండా జాబితాలో కలిపేస్తుంది. అర్థం సూచన ఇచ్చి మాట అడిగితే మాత్రం చాట్‌బాట్‌ని మించింది లేదు. అక్షరాల లెక్క కావాలంటే "ఊహించొద్దు, ప్రోగ్రామ్ రాసి పదాల ఫైలులో వెతుకు" అని చెప్పాలి. అప్పుడు సరైన జవాబు వస్తుంది, కాకపోతే అప్పుడు పని చేసింది ప్రోగ్రామ్.

ఆ ప్రోగ్రామ్ పనేదో మనమే చేసుకోవచ్చు కదా? నా ఓటు దీనికే. ఒక పదాల ఫైలు, ఒక వడపోత. ఎనేబుల్ అనే జాబితా ఉచితంగా దొరుకుతుంది, 1,72,000 పైచిలుకు మాటలు, వరసకొకటి. లినక్స్ గానీ మ్యాక్ గానీ ఉంటే ఫైల్లోంచి కావలసిన వరసల్ని తీసిచ్చే గ్రెప్ అనే కమాండ్ ఎలాగూ ఉంటుంది, 1970ల నాటి సాధనం. టి ఉన్న వరసలు తీయి, వాటిలోంచి ఆర్ ఉన్నవి తీయి, వాటిలోంచి ఎ ఉన్నవి తీయి. జల్లెడ కింద జల్లెడ పెట్టినట్టు. ఆర్టిస్ట్ ఇప్పుడు తప్పించుకోదు. స్పెల్లింగ్ బీకి అయితే ఆ ఏడు కాక వేరే అక్షరం ఉన్న వరసల్ని కొట్టేసి, నడిమి అక్షరం లేనివాటిని కొట్టేసి, మూడక్షరాలవీ అంతకన్నా చిన్నవీ తీసేస్తే సరి. కాకపోతే ఆ ఆటలో ఏ మాట చెల్లుతుందో ఎడిటర్ చూసి నిర్ణయిస్తారు, అరుదైన మాటలు చాలావరకు ఉండవు. ఫైలు ఇచ్చేవాటిలో కొన్ని అక్కడ చెల్లవు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకి చదివినవాళ్లకి అనగ్రామ్‌ల (అవే అక్షరాలు తారుమారైన మాటల) కిటుకు తెలిసే ఉంటుంది: ప్రతి మాటలోని అక్షరాల్ని ఎ నుంచి జడ్ వరసలో పేర్చి పక్కన రాసుకోవాలి. ఆ పేర్పు ఒకటే అయితే అవి ఒకే అక్షరాల మాటలు. ఎడ్యుకేషన్, దాని పక్కనే వేలం వేసిన అనే అర్థమున్న ఆక్షన్డ్, హెచ్చరించిన అనే అర్థమున్న కాషన్డ్ ఒకే గుంపులో వచ్చి పడతాయి. ఒకసారి ఫైలంతా ఇలా తయారు చేసి పెట్టుకుంటే ఇక వెతకడమంటే ఒక్క వరస చూడటమే.

ప్రోగ్రామింగ్ అంటే టెన్షన్ పడేవాళ్లు అదే ఫైలుని ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో పోసుకోవచ్చు, పది లక్షలకు పైగా వరసలు పడతాయి కాబట్టి చోటుకి లోటు లేదు. మామూలు కస్టమ్ ఫిల్టర్‌లో రెండు షరతులే పెట్టనిస్తుంది. మూడో అక్షరం దగ్గర ఫార్ములానో అడ్వాన్స్‌డ్ ఫిల్టరో కావాలి.

ఈ పద్ధతికి ఒక జాగ్రత్త ఉంది. మ్యాక్‌లో ముందే వచ్చే పదాల ఫైలుని చూసి ఇది చాలులే అనుకోకండి. అది 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులోంచి తీసింది. 2,35,000 పైచిలుకు మాటలున్నా బహువచనాలు చాలావరకు లేవు, కొత్త మాటలు లేవు, ఎవరూ ఎరగని పాత మాటలు మాత్రం బోలెడు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఫైల్లో అయితే మనుషుల పేర్లు, అపాస్ట్రఫీ మాటలు కలిసిపోయి ఉంటాయి. ముందు వాటిని ఏరేయాలి.

మిగిలింది పెన్సిలూ బుర్రా. ఆట మధ్యలో ఫోన్ తీయడం కుదరదు కాబట్టి దీన్ని పక్కన పెట్టలేం. అక్షరాల్ని గీతలా కాక గుండ్రంగా రాసుకుంటే, ఇచ్చిన వరస కళ్లకి అడ్డుపడటం తగ్గుతుంది. అన్నిటికన్నా అరుదైన అక్షరంతో మొదలుపెట్టాలి. స్క్రాబుల్‌లో ఇ బిళ్లలు 12 ఉంటే క్యూ, జడ్, జె, ఎక్స్, కె ఒక్కొక్కటే, కాబట్టి జె ఉందంటే వెతకాల్సిన మాటలు ఒక్కసారిగా బాగా తగ్గిపోతాయి. తర్వాత తోకలు విడదీయాలి: ఐఎన్‌జి, ఇడి, ఇఆర్, ఇఎస్‌టి. ఆర్, ఇ, టి, ఎ, ఐ, ఎన్, ఎస్ పడితే పండగే, ఎందుకంటే ఆ ఏడింటితో రిటెయిన్స్, రెటీనాస్, నాస్టియర్, రెట్సీనా ఇలా చాలా మాటలున్నాయి. ఏడు బిళ్లలూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనం.

స్క్రాబుల్ పోటీలకి వెళ్లేవాళ్లు కంప్యూటర్‌నీ బుర్రనీ కలుపుతారు. కంప్యూటర్ చేత అక్షరాల్ని ఎ నుంచి జడ్ వరసలో పేర్పించి, ఆ పేర్పు చూడగానే మాటలు నోటికి వచ్చేదాకా సాధన చేస్తారు. జిజీవా అనే ప్రోగ్రామ్ దానికోసమే ఉంది. న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. అర్థాలతో పని లేదు, జాబితా బుర్రలో ఉంటే చాలు.

వర్డిల్‌కి మాత్రం ఇంత హంగామా వద్దు. అసలు ఆటలో జవాబుల జాబితా 2,300 పైచిలుకే. పచ్చ (సరైన గడిలో ఉన్నవి), పసుపు (వేరే గడిలో ఉన్నవి), బూడిద రంగు (అసలు లేనివి) అక్షరాలు విడివిడిగా అడిగే ఏ సైట్ అయినా రెండో ప్రయత్నానికే దాన్ని చిన్న గుప్పెడు చేసి పెడుతుంది. అప్పుడు ఇక ఆడేదేముంది అన్నది వేరే సంగతి.

పిల్లలకి స్క్రాబుల్ నేర్పుతున్నవాళ్లు ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. కాలిన్స్ 2019 జాబితాలో రెండక్షరాల మాటలు 127, ఒక్క కాగితం మీద పడతాయి. దాని కింద యు లేకుండా క్యూతో వచ్చే మాటలు రాసి పెట్టండి: క్యూఐ, ఫకీర్, నికాబ్, తలాక్. చివరి మూడూ మన పిల్లలు ఎలాగూ విన్నవే, క్యూ పక్కన యు లేదని చూపిస్తే చాలు.