పొంగల్‌కి మదురైలో జల్లికట్టు: కుటుంబంతో వెళ్తే ఏ ఊరు మేలు?

మదురై జల్లికట్టు చూడాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ ఊరికి వెళ్లాలన్నది. పొంగల్ రోజు అవనియాపురం, మాట్టు పొంగల్ అంటే మన కనుమ నాడు పాలమేడు, ఆ మర్నాడు అలంగనల్లూరు. 2025లో ఇవి జనవరి 14, 15, 16 తేదీల్లో పడ్డాయి. పేరు విని ఎక్కువమంది అలంగనల్లూరుకే పోతారు. మాతో పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నారు కాబట్టి అందరం కలిసి అవనియాపురం, పాలమేడు చూశాం. అలంగనల్లూరుకు మావారు, మా మరిది మాత్రం వెళ్లారు. ఇంటిల్లిపాదీ వెళ్తే పాలమేడే మేలని నా గట్టి అభిప్రాయం.

చెన్నై ఎగ్మూరు నుంచి రాత్రి పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మదురైలో దిగుతాం. పండుగ రోజుల్లో తమిళనాడులో అందరూ సొంతూళ్లకు వెళ్తారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ పొద్దునే టికెట్ తీసుకోకపోతే వెయిటింగ్ లిస్టే.

స్టేషన్‌కి ఎదురుగా టౌన్ హాల్ రోడ్డు వైపు దిగాం. గుడి, స్టేషన్, టిఫిన్ హోటళ్లు అన్నీ నడక దూరంలోనే. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి ఇంతకన్నా అనువైన చోటు లేదు. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్లు తెల్లవారుజామున కూడా వచ్చాయి. అది చాలా ముఖ్యం, ఎందుకంటే నాలుగింటికల్లా బయల్దేరాలి. పండుగ వారం అద్దె మాత్రం మామూలు రోజులకి దాదాపు రెట్టింపు. కౌంటర్లో కుర్రాడు మా మాటలు విని "మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడతామండీ" అన్నాడు. మదురైలో ఇలా చాలామంది కలుస్తారు. నాయక రాజుల కాలం నాటి తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

అవనియాపురం మదురై ఊళ్లోదే, ఆటోలో వెళ్లొచ్చు. అదొక్కటే దాని సుఖం. ఆట రోడ్డు మీద జరుగుతుంది. రెండు వైపులా బారికేడ్లు, వెనక చెక్క గ్యాలరీలు. మామూలు జనానికి దొరికే జాగా చాలా తక్కువ. ఐదింటికే చేరినా వాడివాసల్, అంటే ఎద్దులు బయటికొచ్చే గుమ్మం, మాకు సగమే కనిపించింది. మిగతాది బయట పెట్టిన పెద్ద తెర మీద చూశాం. ఆడవాళ్లకి మరుగుదొడ్లు ఎక్కడో దూరంగా పెట్టారు. ఆ జనంలో అత్తయ్యని అక్కడిదాకా తీసుకెళ్లి రావడానికి అరగంట పట్టింది. ఇంతమంది వస్తారని తెలిసి కూడా ఏర్పాట్లు ఇలా ఉంటే బాధగా ఉంటుంది.

పాలమేడులో ఆట మంజమలై ఏటి పక్క మైదానంలో. చోటు విశాలం, గాలి ఆడుతుంది, గ్యాలరీ నుంచి గుమ్మం సూటిగా కనిపిస్తుంది. మదురై నుంచి దూరం ఎక్కువే, కారు ముందు రోజే మాట్లాడుకోవాలి. మేం చీకటితోనే చేరి రెండో వరుసలో కూర్చున్నాం. తెల్లారాక ఎద్దుల్ని పట్టే వీరులంతా నిలబడి నిబంధనలు పాటిస్తామని ప్రమాణం చేశారు. ముందుగా గుడి ఎద్దుల్ని వదిలారు. వాటిని ఎవరూ ముట్టుకోరు, దండం పెట్టి దారి ఇస్తారు.

ఆ తర్వాత అసలు ఆట. గుమ్మం లోపల ముకుతాడు తీసేస్తారు. ఎద్దు ఒక్క దూకుతో బయటపడుతుంది. పట్టుకోవాల్సింది మూపురం మాత్రమే. కొమ్ములు, తోక పట్టుకుంటే చెల్లదు. మూపురం వదలకుండా గుమ్మం ముందరి హద్దు దాటేదాకా గానీ, ఎద్దు మూడు దూకులు దూకేదాకా గానీ వేలాడితే మనిషి గెలిచినట్టు, లేకపోతే ఎద్దు గెలిచినట్టు. కింద కొబ్బరి పీచు పరుస్తారు. గెలిచినవాళ్లకి సైకిలు, బీరువా, వెండి నాణెం అక్కడికక్కడే ఇచ్చేస్తారు. చివర్లో మేటి ఎద్దుకి, మేటి వీరుడికి కారు, ట్రాక్టర్ లాంటి పెద్ద బహుమతులు.

మా మామయ్యగారు ప్రకాశం జిల్లాలో ఒంగోలు ఎడ్లని పెంచి బండలాగుడు పోటీలకు తోలిన మనిషి. జల్లికట్టుకి తెచ్చే ఈ పుళికుళం జాతి ఎద్దుల్ని చూసి మొదట పెదవి విరిచారు, ఇంత చిన్నవా అని. నాలుగైదు ఎద్దులు బయటికొచ్చేసరికి ముందుకు వంగి కూర్చున్నారు. "మన ఎద్దు బరువు లాగుతుంది, ఇది బరువే దగ్గరికి రానివ్వట్లేదు" అన్నారు. ఒక నల్ల ఎద్దు గుమ్మం దాటి పరుగు ఆపేసి, వెనక్కి తిరిగి నిలబడింది. అంతమంది వీరులూ బారికేడ్లు పట్టుకుని వేలాడారు. తీరిగ్గా నాలుగు అడుగులు వేసి వెళ్లిపోయింది. గ్యాలరీ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది, మామయ్యగారు కూడా.

మా అమ్మాయికి బాగా నచ్చింది వేరే. ఇంటర్ చదివే వయసున్న ఒక పిల్ల తన ఎద్దుని తనే నడిపించుకొచ్చింది. దాని చెవి దగ్గర ఏదో చెప్పి వదిలింది. ఎద్దు ఎవరికీ దొరక్కుండా వెళ్లాక ఆ పిల్ల ఏడ్చేసింది.

ఇది ప్రమాదం లేని వేడుక కాదు. ఏటా గాయాలవుతాయి, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. 2014లో సుప్రీంకోర్టు నిషేధించింది, 2017 జనవరిలో చెన్నై మెరీనాలో యువత ఉద్యమించాక రాష్ట్రం చట్టం సవరించింది, 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. ఇప్పుడు పశువైద్యులు ఎద్దుల్ని, డాక్టర్లు వీరుల్ని పరీక్షించాకే లోపలికి పంపుతున్నారు. చూసేవాళ్లకి ముప్పు ఉన్నది గుమ్మం దగ్గర కంటే, ఎద్దులు పరుగు ముగించాక యజమానులు తాళ్లు వేసి పట్టుకునే చోట. అక్కడ బారికేడ్లు పలచబడతాయి, బెదిరిన ఎద్దు ఎటైనా వస్తుంది. ఫోటోల కోసం పిల్లల్ని అటు తీసుకెళ్లేవాళ్లని చూస్తే నాకు వణుకు పుట్టింది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లల్ని అసలు తీసుకురావద్దు.

అలంగనల్లూరు నుంచి మావారు బాగా అలసిపోయి వచ్చారు. అక్కడి ఊపు మరెక్కడా ఉండదట, కానీ మధ్యాహ్నం దాకా నిలబడే చూశారట. విదేశీ పర్యాటకులకి అక్కడ వేరే గ్యాలరీ ఉంటుంది, మనలాంటివాళ్లు జనంలోనే. మేం గదిలో కూర్చుని టీవీలో ప్రత్యక్ష ప్రసారం చూశాం. నిజం చెప్పాలంటే ఎద్దు ప్రతి కదలికా మాకే బాగా కనిపించింది.

పండుగ తేదీలే కావాలని పట్టుదల లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. అలంగనల్లూరు దగ్గర కీళకరైలో 2024 జనవరిలో జల్లికట్టు కోసమే పెద్ద స్టేడియం ప్రారంభించారు. మెట్ల వరుసల్లో కూర్చుని చూడొచ్చు. వెళ్లే ముందు అక్కడ ఆట ఎప్పుడుందో కనుక్కోవాలి.

తినేవి వెంట తీసుకెళ్లండి. మేం ముందు రాత్రే పులిహోర, అరటిపళ్లు, నీళ్లు సిద్ధం చేసుకున్నాం. పొంగల్ నాడు మదురైలో చాలా హోటళ్లు మూసే ఉంటాయి. తెరిచినచోట ఇడ్లీతో నాలుగు రకాల చట్నీలు ఇస్తారు, మధ్యాహ్నం ఎండకి జిగర్‌తండా అనే చల్లటి పాల పానీయం తాగాల్సిందే. మీనాక్షి గుడికి ఆట లేని రోజు వెళ్లండి, ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. తిరుగు ప్రయాణానికి కారుని ఊరి బయటే ఆపమని డ్రైవర్‌కి పొద్దునే చెప్పాలి. సాయంత్రం ఎద్దుల వ్యాన్లన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి, అప్పుడు కిలోమీటరు నడవడమే నయం.