డేటాగ్రిడ్‌వ్యూ: వరసలు మనమే చేర్చాలా, డేటాసోర్స్ ఇవ్వాలా?

డేటాగ్రిడ్‌వ్యూ అంటే విండోస్ ఫామ్స్‌లో, అంటే డాట్‌నెట్‌తో విండోస్ డెస్క్‌టాప్ యాప్‌లు రాసే పద్ధతిలో, డేటాను పట్టికలా చూపే గ్రిడ్. దీన్ని నింపడానికి తేలిగ్గా కనిపించేది రోస్.యాడ్, అంటే వరసలను కోడ్‌తో మనమే చేర్చడం. కాలమ్స్ ముందే పెట్టుకోవాలి, సెల్‌లో ఏం మారినా మన జాబితాలోకి మనమే ఎక్కించుకోవాలి. పది వరసలకైతే హాయి, ఆపైన చాకిరీ. గ్రిడ్ లోపలి అమరిక అర్థం కావడానికి ఒక పూట చేసి చూస్తే చాలు.

నా ఓటు డేటాసోర్స్‌కే, అంటే మన జాబితానే గ్రిడ్‌కు తగిలించే ప్రాపర్టీకే. జాబితా ఇచ్చేస్తే అందులోని ఐటమ్‌ల క్లాస్‌లో ఉన్న పబ్లిక్ ప్రాపర్టీలను బట్టి కాలమ్స్ వాటంతటవే వస్తాయి. సెల్‌లో దిద్దింది నేరుగా ఆబ్జెక్ట్‌లోకి వెళుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, మామూలు లిస్ట్ ఇచ్చి, తర్వాత కోడ్‌లో దానికి కొత్త ఐటమ్ చేర్చితే గ్రిడ్ ఉలకదు, పలకదు. బైండింగ్‌లిస్ట్ ఇవ్వండి, కొత్తది చేరిన కబురు అదే పంపుతుంది. అన్నట్టు, డేటాసోర్స్ ఇచ్చాక అలవాటు కొద్దీ రోస్.యాడ్ పిలిచారో, ఇన్‌వాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ ఖాయం. కొత్త వరస జాబితాకే చేర్చాలి.