క్రిస్మస్‌కి లాప్‌ల్యాండ్: రొవనియెమిలో ఒక పూట, మిగతాదంతా ఇనారిలో

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి పక్కనున్న ఎస్పోలో ఉండే తెలుగు కుటుంబాల్లో వేసవి సెలవులు అయిపోగానే ఈ చర్చ మొదలవుతుంది. క్రిస్మస్‌కి పిల్లల్ని దేశానికి ఉత్తర కొసనున్న లాప్‌ల్యాండ్ తీసుకెళ్లాలి, ఎక్కడ దిగాలి? చాలామంది రొవనియెమిలోనే దిగి, అక్కడే అన్నీ చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. మేము అక్కడా ఉన్నాం, ఇంకా ఉత్తరాన ఇనారిలోనూ ఉన్నాం. అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: రొవనియెమికి ఒక పూట చాలు, సెలవులు ఇనారి అడవిలో గడపండి.

హెల్సింకి నుంచి రొవనియెమికి రాత్రి రైల్లో సుమారు 12 గంటలు. పై అంతస్తు క్యాబిన్లలో సొంత బాత్రూమ్, షవర్ ఉంటాయి. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే కాస్త ఎక్కువైనా అవే తీసుకోండి. పడుకుని లేచేసరికి కిటికీ నిండా మంచు కప్పిన స్ప్రూస్ చెట్లు.

శాంటా విలేజ్ ఊరికి 8 కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా ఆర్కిటిక్ వృత్తం దగ్గర ఉంది. శాంటాని కలవడానికి టికెట్ లేదు, ఫొటో కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. క్రిస్మస్ వారంలో క్యూ చాలా పెద్దది. పొద్దున్నే తలుపులు తీసేసరికి వెళ్తే తేలిగ్గా అయిపోతుంది. నాకు బాగా నచ్చింది అక్కడి పోస్టాఫీసు. మామూలు డబ్బాలో వేసిన కార్డు వెంటనే వెళ్తుంది, ఎర్ర డబ్బాలో వేసింది వచ్చే క్రిస్మస్‌కి చేరుతుంది. మా పాప విజయవాడలో ఉన్న తాతయ్యకి ఎర్ర డబ్బాలోనే వేస్తానని పట్టుబట్టింది. అక్కడ రెయిన్‌డీర్ బండి మాత్రం వద్దనే అంటాను. మేమెక్కింది నాలుగైదు నిమిషాల్లో ఒక చుట్టు తిప్పి దింపేశారు, వెనక జనం ఎదురుచూస్తున్నారని.

రొవనియెమి నుంచి ఇనారికి దాదాపు 330 కిలోమీటర్లు, బస్సులో ఐదు గంటల వరకు పడుతుంది. డిసెంబర్ మొదట్లో ఇక్కడ అస్తమించిన సూర్యుడు మళ్లీ జనవరి రెండో వారంలోగానీ కనబడడు. చీకట్లో పిల్లలకి ఏం తోస్తుందని నాకూ టెన్షన్‌గానే ఉండేది. కానీ మధ్యాహ్నం ముందూ వెనకా కొన్ని గంటలు మంచు అంతా నీలంగా వెలుగుతుంది, దక్షిణాన ఆకాశం అంచు గులాబీ రంగుకి తిరుగుతుంది. అప్పుడు అడవిలోకి నడవాలి. ఫిన్లాండ్‌లో అడవిలో ఎవరైనా నడవొచ్చు, ఏ టూరూ అక్కర్లేదు.

బసకి గాజు ఇగ్లూల (పడుకునే ఆకాశం చూసేలా గాజు పైకప్పున్న గదుల) ఫొటోలు చూసి అందరూ మోజుపడతారు. క్రిస్మస్ వారంలో మేము అడిగిన చోటల్లా రాత్రికి 500 యూరోల పైనే. ఆకాశం మబ్బు పడితే తలమీద కనిపించేది తెల్లటి గాజే. మేము తీసుకున్న చెక్క క్యాబిన్ అందులో సగం ఖరీదు కూడా లేదు. వంటగది, పొయ్యి, సొంత సౌనా (ఆవిరి స్నానం గది) ఉన్నాయి. వెంట తెచ్చుకున్న కందిపప్పు, పచ్చళ్లతో శాకాహారి అయిన మా అత్తగారికి ఏ లోటూ రాలేదు. క్రిస్మస్ రోజుల్లో ఇక్కడ పాలతో బియ్యం జావ వండి, పైన దాల్చినచెక్క పొడి చల్లుతారు. మన పరమాన్నానికి దగ్గరి చుట్టం. కాల్చిన లాప్‌ల్యాండ్ జున్ను, లక్కా అనే ఇక్కడి అడవి బెర్రీల జామ్ కూడా ఆవిడకి బాగా నచ్చాయి.

హస్కీ సవారీకి పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది. స్లెడ్‌కి కట్టేటప్పుడు ఆ కుక్కల అరుపులకి పక్కమనిషి మాట వినబడదు. బ్రేకు వదిలి కదిలాక ఒక్కటీ నోరు విప్పదు, మంచు మీద స్లెడ్ జారే చప్పుడే. బుక్ చేసేముందు ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారో అడగండి. అరగంట ప్రయాణమంటూ అమ్మేవాటిలో తయారయ్యే సమయం కూడా కలిపేస్తుంటారు.

రెయిన్‌డీర్లని చూడాలంటే వాటిని పెంచే కుటుంబం దగ్గరికే వెళ్లండి. మేము వెళ్లిన చోట యజమానురాలు ఒకదాని చెవి పట్టుకుని అంచుల్లో ఉన్న కోతలు చూపించింది. ఒక్కో యజమానికి ఒక్కో గుర్తు, అడవిలో వదిలేసినా ఎవరిదో దానితోనే తెలుస్తుంది. పిల్లలు చేత్తో తినిపించింది లైకెన్. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. అంతకుముందు సియ్‌దా మ్యూజియం చూసి ఉంటే ఇదంతా ఇంకా బాగా అర్థమవుతుంది. ఇక్కడి ఆదివాసులైన సామీ ప్రజల జీవితం, ఫిన్లాండ్‌లో వాళ్లు మాట్లాడే మూడు భాషలు, ఈ నేల మీద వాళ్ల హక్కుల పోరాటం అక్కడ తెలుస్తాయి. అదే ఊళ్లో ఉన్న సయోస్ భవనం ఫిన్లాండ్ సామీ పార్లమెంటు. టూరిస్టుల కోసం ఎవరెవరో సామీ దుస్తులు వేసుకుని నిలబడటం వాళ్లని నొప్పిస్తుంది. అలాంటి ప్రదర్శనలకి డబ్బు ఇవ్వకండి.

అరోరా (రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల కాంతులు) చూపించే టూర్లకి ముందే డబ్బు కట్టొద్దు. డిసెంబర్‌లో మబ్బులే ఎక్కువ, కనబడకపోయినా మాకు టూరు నడిపినవాళ్లు పైసా వెనక్కి ఇవ్వలేదు. తర్వాత ఇనారిలో ఒక రాత్రి ఆకాశం తేటపడితే, క్యాబిన్ గుమ్మం ముందు నిలబడి ఉచితంగా చూశాం. మైనస్ 24లో ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, ఉన్ని సాక్సు రెండు జతలు పట్టాలి.

ఫిన్లాండ్‌లో అసలు పండగ 24నే. మధ్యాహ్నం 12కి తుర్కులో క్రిస్మస్ శాంతి ప్రకటన చదువుతారు, దేశమంతా టీవీలో చూస్తుంది. ఆ తర్వాత చాలా దుకాణాలు మూసేస్తారు, సాయంత్రం కుటుంబాలు శ్మశానానికి వెళ్లి సమాధుల దగ్గర మంచులో కొవ్వొత్తులు వెలిగిస్తాయి. సరుకులు 23నే తెచ్చిపెట్టుకోండి. 24 సాయంత్రం నుంచి 25 దాకా రైళ్లు, బస్సులు బాగా తగ్గిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణం 26 తర్వాతకి పెట్టుకుని, ఆ టికెట్లు బసకంటే ముందే కొనండి.