హనుమకొండలో గుణాత్మక పరిశోధన శిక్షణ: మొదటి రోజుకే మార్కులు

2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల మీద ఎం.ఏ. ప్రాజెక్టు కోసం కొత్తవాడ నేత కార్మికులతో చేసిన పదకొండు ఇంటర్వ్యూలను కాగితం మీదికి ఎక్కించాను గానీ, వాటిని విశ్లేషించడం తెలియక హనుమకొండలోని ఒక శిక్షణ కేంద్రంలో గుణాత్మక పరిశోధన (అంకెలు కాక మనుషుల మాటల అర్థం మీద సాగే పరిశోధన) నేర్పే రెండు రోజుల తరగతికి చేరాను. ఫీజు భోజనంతో కలిపి పద్దెనిమిది వందలు.

మొదటి రోజు కంప్యూటర్ ముట్టనివ్వలేదు. ఎవరి ఇంటర్వ్యూలను వారిచేతనే రెండుసార్లు చదివించి, ఆ తరువాతే అంచున పెన్సిలుతో కోడ్లు, అంటే ఒక్కో మాట సారాన్ని చెప్పే చిన్న పేర్లు, రాయించారు. "కూలి గిట్టుతలేదు గని మగ్గం ఇడువ బుద్ధైతలేదు" అని ఒక పెద్దాయన అన్న మాట పక్కన నేను "ఆర్థిక ఇబ్బంది" అని రాశాను. మేడమ్ ఆ "గని" చుట్టూ సున్నా చుట్టి, మిగతా సగం మాట ఎటు పోయిందని అడిగారు. దాన్ని కొట్టేసి "గిట్టకున్నా విడవలేకపోవడం" అని రాసుకున్నాక, అదే ముడి మరో నాలుగు ఇంటర్వ్యూల్లో కనిపించింది. 2006లో వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ వివరించిన విశ్లేషణ పద్ధతిలోని ఆరు దశల్లో థీమ్‌లను (కోడ్లను కలిపి చూస్తే తేలే పెద్ద అర్థాలను) సరిచూసుకోవడం ఒక దశ అనీ, అక్కడ కుదరకపోతే మళ్లీ కోడ్ల దగ్గరికి వెళ్లాలనీ ఆమె చెప్పింది నాకు అప్పుడే అర్థమైంది.

రెండో రోజు వేరొకరు వచ్చారు. ఆయన నేర్పింది ట్యాగెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. గుర్తించిన వాక్యాలకు ట్యాగులు తగిలించి, ఒక ట్యాగు కిందివన్నీ ఒకచోట చూపిస్తుంది. మాలాంటి వారికి అది చాలు, కానీ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకోవడానికే పూట గడిచింది. అంతకన్నా ఇబ్బంది, ఎక్కువసార్లు వచ్చిన కోడే థీమ్ అని ఆయన తేల్చేయడం. పరిశోధన ప్రశ్నకు ముఖ్యమైనదేదో చెప్పేదే థీమ్ అనీ, లెక్క ఒక్కటే కొలమానం కాదనీ ముందురోజే విన్నాం; అడిగితే సమయం లేదన్నారు. కోడింగ్‌కు ముందే ఇంగ్లిషులోకి మార్చుకోమన్న సలహా కూడా నాకు నచ్చలేదు. "గిట్టుతలేదు" అంటే నష్టమా, శ్రమకు తగినంత రాకపోవడమా అన్నది తేలకముందే అనువాదం ఏదో ఒకటి తేల్చేస్తుంది.

మొదటి రోజును విడిగా పెడితే పూర్తి ఫీజు ఇచ్చి మళ్లీ వెళ్తాను. చేరేవారు ట్యాగెట్‌ను ఇంట్లోనే ఎక్కించుకోండి. ఇంటర్వ్యూలను వెడల్పాటి అంచు వదిలి ప్రింటు తీయించుకోండి. నాకు చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి రాసుకోవలసి వచ్చింది.