అరిగిపోయిన పొల్లు కీ: ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో 12 ఏళ్లు

నా కీబోర్డు మీద డి, జి అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు కనబడవు. చెరిగిపోయాయి. కీబోర్డు మీద తెలుగు అక్షరాల అమరికల్లో ఒకటైన ఇన్‌స్క్రిప్ట్‌లో డి నొక్కితే పొల్లు పడుతుంది, జి నొక్కితే కొమ్ము పడుతుంది. ఈ రెండూ లేకుండా తెలుగులో ఒక్క వాక్యం నడవడం కష్టం, అందుకే ముందు అవే అరిగాయి. చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌లో ఎనిమిదేళ్లు, తర్వాత విద్యానగర్‌లో మా ఇంట్లోనే నాలుగేళ్లు, రోజుకు ఆరేడు గంటలు ఈ పద్ధతిలోనే తెలుగు కొడుతున్నాను. కవితా సంపుటాలు, పెళ్లికార్డులు, ఉస్మానియా పిల్లల పీహెచ్‌డీ గ్రంథాలు, సంఘాల కరపత్రాలు, అన్నీ చేశాను. "తెలుగు టైపింగ్‌కి ఏది మంచిది అక్కా?" అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటాను. ఆ మాట ఎందుకంటున్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేనూ మొదట నేర్చింది ఇది కాదు. డీటీపీలోకి వచ్చిన కొత్తలో అందరిలాగే పాత ఫాంట్ల మీద, పేజీలు కట్టే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను. ఆ పద్ధతి ఏమిటంటే, తెలుగు అక్షరాన్ని ముక్కలు చేసి, తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, వత్తులు ఇంకో చోట, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గదుల్లో పెట్టేవారు. తెర మీద మనకు 'అమ్మ' కనిపిస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం అవి ఏవో ఇంగ్లిషు అక్షరాలు, గీతలు. ఫాంట్ మార్చిన మరుక్షణం తెలుగు మాయమవుతుంది. ఆ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్లకు తెలుగు రాని రోజుల్లో పత్రికలూ పుస్తకాలూ వాటి మీదే బతికాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, అదే ఆఖరి వెర్షన్. అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ పద్ధతిలో తెలుగు దానికి రాదు. అప్పటివాళ్లకు వేరే దారి లేదు.

దారి ఉన్న తర్వాత కూడా అందులోనే ఉండిపోవడం వల్ల ఎంత నష్టమో 2013లో నా కళ్లతో చూశాను. రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకరు నల్లగొండ నుంచి వచ్చారు. తన జీవితానుభవాల పుస్తకం రెండో ముద్రణ వేయాలి. చేతిలో ఒక పుస్తకం కాపీ, ఒక సీడీ ఉన్నాయి. మొదటిసారి కొట్టిన సెంటర్ మూతపడింది. వాళ్లు వాడిన టైపింగ్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌కు ఒక లాక్ గుచ్చితే తప్ప తెరుచుకోదు. ఆ లాక్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మా దగ్గర ఫైలు తెరిస్తే పేజీ నిండా నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లిషు అక్షరాలు. మార్పిడి ప్రోగ్రాంలో వేస్తే చాలా వరకు తెలుగులోకి వచ్చింది కానీ, వత్తులు పక్క అక్షరాల కిందికి జరిగాయి. క్ష ఉన్న చోటల్లా ఖాళీ. అంకెలు అక్షరాలైపోయాయి. 212 పేజీలు. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, లైను లైను పోల్చి దిద్దడానికి 19 రోజులు పట్టింది. సార్ నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఒకరోజు తెర వైపు చూస్తూ, "నేను రాసిన మాట నాకే దొరకకపాయె గదా బిడ్డా" అన్నారు. నాకు గొంతు పట్టేసింది. ఆ వారమే పాత పద్ధతి మానేసి యూనికోడ్‌లోకి మారాలని నిర్ణయించుకున్నాను.

యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య ఉంటుంది. తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే 128 గదులు కేటాయించారు. ఏ ఫాంట్ పెట్టినా, ఏ కంప్యూటర్‌లో తెరిచినా క అంటే క. పాత కావ్యాలు కొట్టేవాళ్లకు కావలసిన ౘ, ౙ 2008లో చేరాయి. పాత పద్యాల్లో పొల్లు న కోసం వాడే నకారపొల్లు గుర్తుకు సొంత గది దొరకడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. అది ఇంకా అన్ని ఫాంట్లలో లేదు గానీ, చేరిందని విన్నరోజు నాకు పండగే. అంతకు ముందు పాత పద్యాలు కొట్టేటప్పుడు న మీద మామూలు పొల్లు పెట్టి సరిపెట్టేవాళ్లం.

ఇక కీబోర్డు సంగతి. ఇన్‌స్క్రిప్ట్‌ను 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా తెచ్చింది. విండోస్‌లో తెలుగు భాష చేర్చుకుంటే చాలు, అది వచ్చేస్తుంది. పైసా ఖర్చు లేదు, లాక్ లేదు. ఎడమ చేతి కింద ఎక్కువగా అచ్చులూ గుణింతాలూ, కుడి చేతి కింద హల్లులూ ఉంటాయి. ఈ అమరికలో ఒక అందం ఉంది, దాన్ని పట్టుకుంటే నేర్చుకోవడం సగం అయిపోయినట్టే. కుడిచేతి మధ్యవేలు కింద కె మీద క ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుంటే అదే ఖ. సరిగ్గా పై వరసలో గ, షిఫ్ట్‌తో ఘ. పక్క వేలు కింద త, థ, దాని పైన ద, ధ. చిటికెన వేలు కింద చ, ఛ, పైన జ, ఝ. దాని పక్కన ట, ఠ, పైన డ, ఢ. చూపుడువేలును కాస్త లోపలికి జరిపితే ప, ఫ, పైన బ, భ. బళ్లో పలక మీద దిద్దిన వర్గాక్షరాలే ఇవి. ఎడమ చేతిలోనూ అంతే. గుడి మధ్య వరసలో, గుడిదీర్ఘం దాని పైన. కొమ్ము మధ్య వరసలో, కొమ్ముదీర్ఘం దాని పైన. షిఫ్ట్ పట్టుకుంటే గుడి కాస్తా ఇ అవుతుంది, కొమ్ము ఉ అవుతుంది.

'స్త్రీ' కొట్టాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నోటితో పలికిన వరసే వేళ్లకూ. పాత పద్ధతిలో ఇదే మాటకు ఏ ముక్క ముందు, ఏ ముక్క వెనక, ఏ వత్తు ఎంత కిందికి అని కళ్లతో చూసుకుంటూ పేర్చాలి. ఈ తేడా ఒక్క మాటలో తెలియదు, 300 పేజీలు కొడితే మెడకూ కళ్లకూ తెలుస్తుంది.

మొదటి వారం మాత్రం నిజంగా కష్టం. చేతి వేగం పూర్తిగా పడిపోతుంది. పెళ్లికార్డు మ్యాటర్‌కు గంట పట్టేది, బయట కస్టమర్ ఎదురుచూస్తుంటే టెన్షన్. కాగితం మీద అక్షరాల పటం గీసుకుని మానిటర్ కింద అంటించుకున్నాను. మూడో వారానికి ఆ కాగితం వైపు చూడటం మానేశాను. నెలకు పాత వేగం వచ్చింది, మూడు నెలలకు దాన్ని దాటింది. ఇంకో లాభం నేను ఊహించనిది. ఇన్‌స్క్రిప్ట్ మన దేశపు లిపులన్నిటికీ దాదాపు ఒకటే. ఒకసారి బేగంబజార్ నుంచి ఒక షావుకారు కూతురి పెళ్లికార్డు తెచ్చారు, ఒక పక్క తెలుగు, ఇంకో పక్క హిందీ. హిందీ టైపింగ్ నేను ఎప్పుడూ నేర్చుకోలేదు. భాష మార్చి కొడితే వేళ్లు వాటంతట అవే వెళ్లాయి. క ఉన్నచోటే హిందీ క, త ఉన్నచోటే హిందీ త. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి సులభం కదా అని చాలామంది అంటారు. సులభమే. ఇంటర్నెట్‌లో తెలుగు రాసేవాళ్లు పెరగడానికి లేఖిని లాంటి పరికరాలు చేసిన మేలు చిన్నది కాదు, వాటిని ఉచితంగా తయారుచేసి ఇచ్చినవాళ్లంటే నాకు గౌరవం. విండోస్‌లో కూడా 2019 నుంచి అలాంటి కీబోర్డు ఉంది. నాలుగు లైన్లు రాసుకునేవాళ్లకు అది చాలు. రోజంతా రాసేవాళ్లకు మాత్రం వద్దంటాను. మనసులో తెలుగు మాట పుడుతుంది, దాన్ని ఇంగ్లిషు స్పెల్లింగ్‌లోకి మార్చి, మళ్లీ అది తెలుగైందో లేదో చూసుకోవాలి. ముఖ్యంగా ల-ళ, న-ణ దగ్గర దెబ్బ తగులుతుంది. ఫోన్‌లో అలా రాసి పంపిన కవితలు నా దగ్గరకు ప్రూఫ్‌కు వస్తాయి. 'నీ కళ్లు' అని ఉండాల్సిన చోట 'నీ కల్లు', 'వెళ్లాడు' ఉండాల్సిన చోట 'వెల్లాడు'. రాసిన అమ్మాయికి ఆ రెండింటి తేడా బాగా తెలుసు, పలికేటప్పుడు ఎప్పుడూ తప్పు పలకదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ళ కావాలంటే ళ ఉన్న కీ నొక్కాలి, అంతే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది కనబడని అక్షరం. 'హైదరాబాద్‌లో' అని కొట్టాలనుకోండి. ద, పొల్లు, ల, ఓత్వం అని వరసగా కొడితే ల వచ్చి ద కింద వత్తుగా కూర్చుంటుంది, 'హైదరాబాద్లో' అవుతుంది. విడిగా నిలబడాలంటే మధ్యలో ఒక కనబడని గుర్తు పెట్టాలి. దానికి వేరే కీల కలయిక ఉంటుంది, అది ఎక్కడా రాసి ఉండదు, ఎవరో చెప్తే తప్ప తెలియదు. ఇంగ్లిషు మాటలు ఇంతగా కలిసిపోయిన మన తెలుగులో ఇది ప్రతి పేజీలో పదిసార్లు కావాలి. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, బస్‌స్టాప్. రోజూ ఇన్నిసార్లు వాడే గుర్తుకు కీబోర్డు మీద ఒక్క వేలితో నొక్కే చోటు ఇవ్వాల్సింది. పైగా ఒకరు ఆ గుర్తు పెట్టి, ఇంకొకరు పెట్టకుండా కొట్టిన ఫైలులో మాట వెతికితే కొన్ని చోట్ల దొరుకుతుంది, కొన్ని చోట్ల దొరకదు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం దెబ్బకు ఆగిపోయాయని వార్తలు వచ్చాయి, గుర్తుందా? అది 'జ్ఞా'. ఆ వరసలో కూడా ఈ కనబడని గుర్తే ఇరుక్కుని ఉంది. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. అప్పుడు అందరూ మన అక్షరాన్ని ఒక వింతలా చెప్పుకుంటుంటే నాకు కష్టం వేసింది. జ్ఞానం అనే మాటలో ఉన్న అక్షరం అది, బళ్లో పిల్లలు రాసే అక్షరం. దాన్ని మోయలేని లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, వార్తల్లో పేరు మాత్రం అక్షరానికి వచ్చింది.

రాయడానికి నేను లిబ్రే ఆఫీస్ వాడతాను. ఉచితం, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. పేజీలు కట్టడం ఇన్‌డిజైన్‌లో, సీఎస్6 నుంచి అది తెలుగును సరిగ్గా కూర్చుతోంది. స్పెల్ చెక్ మాత్రం ఆపేసుకుంటాను. తెలుగులో 'రాసుకోలేకపోయినప్పటికీ' ఒకే మాట. ఇలా ఒకదానికొకటి అతుక్కునే మాటలన్నీ నిఘంటువులో పెట్టడం అయ్యే పని కాదు కాబట్టి పేజీ అంతా ఎర్రగీతలు పడతాయి.

ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా చాలా దొరుకుతున్నాయి. మామూలు మ్యాటర్‌కు నాకు మండలి ఇష్టం. 1975లో మన హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యామంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు పేరు మీద ఉన్న ఫాంట్ అది. శీర్షికలకు సురవరం. 1926లో ఇక్కడే గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉంది కాబట్టి, తెలంగాణ చరిత్ర పుస్తకాలకు అది వాడితే నాకు తృప్తి. కొన్ని ఫాంట్లలో కింది వత్తు వచ్చి తర్వాతి లైను గుడికి తగులుతుంది, లైన్ల మధ్య ఖాళీ పెంచుకోక తప్పదు.

ఫోన్‌లో మాత్రం నేనూ గొంతుతోనే టైపు చేస్తాను. అందులో ఒక్క అసంతృప్తి ఉంది. మా అమ్మకు చదువు తక్కువ, ఫోన్‌లో మాట్లాడి మెసేజ్ పంపడం నేర్పించాను. "ఎప్పుడొస్తున్నవ్ బిడ్డా, పండక్కన్న రారాదు" అంటుంది. నాకు వచ్చే మెసేజ్‌లో 'ఎప్పుడు వస్తున్నావు బిడ్డ' అని ఉంటుంది, ఆ వెనక మాట ఉండనే ఉండదు. ఏ కంపెనీ అయినా సరే, అమ్మ మాటను అమ్మ అన్నట్టే రాసే రోజు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మొన్న డిసెంబరులో, బుక్ ఫెయిర్‌కు వారం ముందు నల్లగొండ సార్ ఫోన్ చేశారు. పుస్తకం మూడో ముద్రణ వేస్తున్నారట. "అంతటా హైద్రాబాద్ అని రాసుకున్న, ఇప్పుడు హైదరాబాద్ అని పెట్టాలె. ఎన్ని రోజులు పడ్తదమ్మా?" అని అడిగారు. లైన్‌లోనే ఉండమన్నాను. 2013 నాటి ఫైలు తెరిచి, 'హైద్రా' ఉన్నచోటల్లా 'హైదరా' పెట్టమని ఒక్క ఆదేశం ఇచ్చాను. హైద్రాబాద్‌లో, హైద్రాబాదు, హైద్రాబాదీలు, అన్నీ కలిపి 47 చోట్ల మారాయి. "అయిపోయింది సార్, పంపుతున్న" అన్నాను. సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "97వ పేజీలో మా అమ్మ పేరు ఒత్తు సరిగ్గున్నదా, అది కూడ ఒక్కసారి చూడు బిడ్డా" అన్నారు. చూశాను, సరిగ్గానే ఉంది.